కోరుట్లలో మగవాళ్లెంతమంది

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, ఇక ఛస్తే తిరిగి పోనని పంతం పట్టి కోరుట్లలో కూర్చున్న రోజులవి. పంతానికేం, ఎంతైనా పట్టొచ్చు. చేతికి పని ఉండాలి కదా! వీసా ఏజెంటు రోజూ ఫోన్ చేసి నస పెట్టేవాడు. ఇంట్లో మా చిన్న బిడ్డ నన్ను చూస్తే తలుపు వెనకాల దాక్కునేది. కన్నతండ్రిని పట్టుకుని ఎవరో చుట్టమొచ్చినట్టు చూసేది! మళ్లీ పోతే ఇది నన్ను ఎప్పటికీ నాన్న అనదేమోనని లోపల ఒకటే భయం.

అప్పుడే హైదరాబాద్ కంపెనీ ఒకటి మా వైపు దిగింది. ఫోన్‌లో నొక్కితే సామాను ఇంటికి తెచ్చిచ్చే కంపెనీ. పట్నంలో బాగా నడుస్తోందట, ఇక చిన్న ఊళ్ల మీద కన్నేసింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటినీ చూసి మొదట ఒకచోట గోదాము తెరుస్తారట. సర్వేకి వచ్చిన మేడానికి కారు నడిపే పని నాకు దొరికింది. పాతికేళ్ల పిల్ల, చేతిలో ట్యాబు, నోటినిండా ఇంగ్లిష్. అయినా మంచి మనిషి. ముందు సీట్లో కూర్చుని నా మిర్చి బజ్జీల్లో సగం తినేసేది. "కోరుట్లలో తెరిస్తే డెలివరీ బండి నీకేనన్నా" అంది. అంతే, ఆ క్షణం నుంచి నేను కోరుట్ల పార్టీ.

జగిత్యాలలో దుకాణాల వాళ్లు "మా పొట్ట కొట్టనీకి అచ్చిండ్రా?" అని తగులుకున్నారు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడుకు మేడం ప్రశ్న మేడానికే వినబడలేదు. పాపం, ఆమె మొహం వాడిపోయింది గానీ నేను మాత్రం లోలోపల సంబరపడ్డాను.

కోరుట్లలో ఒక వాకిట్లో బీడీలు చుడుతున్న పెద్దమ్మ దగ్గర ఆగాం.

"మీ ఇంట్లో ఎంతమందమ్మా?" అడిగింది మేడం.

"ఐదుగురం బిడ్డా. నేను, మా ఆయన, ఇద్దరు కొడుకులు, కోడలు."

"మగవాళ్లు ముగ్గురన్నమాట!"

"ముగ్గురే. పెద్దోనికి అంగీలంటే మస్తు పిచ్చి."

ఏ గడప తొక్కినా ఇలాంటి జవాబే. ఇంటింటా సంపాదించే మగవాళ్లే అని మేడం మురిసిపోయింది. నాకూ అందులో ఏ తేడా కనిపించలేదు. పెద్దమ్మ చెప్పింది నిజమే కదా!

పట్నంలో పెద్దలు కూర్చుని కోరుట్లనే ఖాయం చేశారు. గోదాము తెరిచి నిండా అంగీలు, ప్యాంట్లు, బూట్లు, గడ్డం గీసుకునే మిషన్లు దించారు. నేను గాల్లో తేలాను. ఏజెంటుకు ఫోన్ చేసి "నీ వీసా నువ్వే పెట్టుకో" అనేశాను. తీరా చూస్తే అంగీ కావాలని ఒక్క ఆర్డరొస్తే ఒట్టు! వచ్చినవన్నీ కుక్కర్ రబ్బర్లు, నైటీలు, చిన్నపిల్లల గౌన్లు. కొన్నాళ్లకు గోదాము మూసేద్దామని పైనుంచి మాట వచ్చింది. అది మూస్తే నా బండీ పోయినట్టే! మేడం ఉరుకులు పరుగుల మీద దిగింది.

"అన్నా, మగవాళ్లంతా ఏమైపోయారు?"

ఇద్దరం మళ్లీ ఆ పెద్దమ్మ వాకిట్లోకే పోయాం.

"మీ ఆయన, కొడుకులు ఉన్నారా అమ్మా?"

"ఉన్నరు బిడ్డా. మా ఆయన బొంబాయి కాడ భీవండిల ఉన్నడు, కొడుకులు దుబాయిల ఉన్నరు."

మేడం నెత్తి పట్టుకుని అరుగు మీద కూలబడింది. "మరి ఐదుగురం అన్నారు కదా!"

పెద్దమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "గదేం మాట? దూరం పోతె మా ఇంటోళ్లు కాకుంట పోతరా? బతుకుదెరువుకు పోయిండ్రు గని, మమ్ముల ఇడిచిపెట్టి పోయిండ్రా?"

మేడం నా వైపు తిరిగింది. "నీకు తెలుసు కదా, చెప్పొద్దా అన్నా?"

నాకూ కోపమొచ్చింది. "ఏం చెప్పాలె మేడం? నేను మస్కట్‌ల ఉన్నన్ని రోజులు ఎవలడిగినా మా ఆమె నలుగురం అనే చెప్పింది. గా నలుగుర్ల నేనున్న గావట్టే గక్కడ బతికిన!" అన్నాను.

గోదాము ముందు కారు దిగుతూ మేడం, "వాళ్లు దుబాయిలో నొక్కితే, సామాను మనం ఇక్కడ ఇంట్లో ఇవ్వొచ్చు కదన్నా?" అంది. అని హైదరాబాద్ పోయి పెద్దలతో పోట్లాటకు దిగింది. ఇక్కడ నేను సిగ్గు చంపుకుని ఏజెంటుకు మళ్లీ ఫోన్ చేశాను. మా ఆమె నా బట్టలు ఉతికి మడతలు పెడుతూ, నాతో మాట్లాడటం తగ్గించింది.

పోట్లాటలో మేడమే గెలిచింది. దుబాయి నుంచి మొదటి ఆర్డరు పెద్దమ్మ పెద్ద కొడుకుదే: తల్లికి మిక్సీ, తనకొక నీలం అంగీ. నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆమె ఆ అంగీని పెట్టెలో దాచకుండా, కొడుకు ఇంట్లోనే ఉన్నట్టు దండెం మీద వేసింది.

తర్వాత పక్కనున్న మల్లాపూర్‌లో కూడా తెరవాలనుకున్నారు. ఈసారి మేడం ప్రశ్న మార్చుకుంది. ముందు మా ఇంట్లోనే అడిగి చూస్తానని వచ్చింది. నేను లోపల కూర్చుని అన్నీ వింటున్నాను.

"మీ ఇంట్లో ఈ పూట తినేది ఎంతమంది వదినా?"

"నలుగురం" అంది మా ఆమె, అలవాటు కొద్దీ.

"అందరూ కాదు వదినా. ఈ పూట, ఇక్కడ."

మా ఆమె వెనక్కి తిరిగి చూసింది. పెద్దది కంచాలు పెడుతోంది. చిన్నది నా ఒళ్లో కూర్చుని నా మీసం లాగుతోంది.

"నలుగురమే" అంది. అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.