ఆగ్నెస్ అమ్మకి ఒక చాప

ఉనైసి తన జన్మలో ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోలేదు. ఈ మాట ఆమె చెప్పుకునేది కాదు, కండావు దీవిలో ఆమె ఊరంతా కాస్త విసుగ్గా చెప్పేది. ఒకసారి పడవ మీద షికారుకొచ్చిన తెల్లాయన ఒకడు ఆమె కాలి పుండుకి మందు రాసి వెళ్ళిపోయాడు. ఉనైసి కుంటుకుంటూనే తెడ్డు పట్టి, సముద్రంలో చాలా దూరం వెంటపడి, ప్రాణమున్న కోడిని ఆయన పడవలోకి విసిరేసి వచ్చింది. ఆయన ఆ కోడిని ఏం చేసుకున్నాడో దేవుడికెరుక. ఈమెకి మాత్రం మనసు కుదుటపడింది.

అలాంటి మనిషి నెత్తిన కూతురి స్కాలర్‌షిప్ వచ్చి పడింది. లితియానాకి పంతొమ్మిదేళ్ళు. టీచరు కావాలని పిచ్చి. రాజధాని సువాలోని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది: మిస్ ఆగ్నెస్ థోర్‌బర్న్ స్కాలర్‌షిప్, టీచరు చదువుకి నాలుగేళ్ళూ వాళ్ళే భరిస్తారు, శుక్రవారం మూడు గంటల్లోగా తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. తండ్రి పోయి ఆరేళ్ళయింది కాబట్టి ఆ సంతకం ఉనైసిదే.

"ఈ ఆగ్నెస్ అమ్మ ఎవరే?"

"ఎవరో దాత అమ్మా."

"ఏ ఊరు? ఎవరి తాలూకు?"

"నాకేం తెలుసు? కాగితంలో పేరుంది, అంతే."

"ముక్కూ మొహం తెలియని మనిషి నాలుగేళ్ళు చదివిస్తానంటే, సరేనని పెట్టె సర్దుకుంటున్నావా? సిగ్గనిపించట్లేదూ?"

ఉనైసి మంచం కింద నుంచి చాప బయటికి లాగింది. లితియానా పెళ్ళికని ఐదు నెలలు కూర్చుని అల్లిన చాప, నాలుగంచులా ఎర్ర ఉన్ని జూలు. లితియానా తల పట్టుకుంది.

"వాళ్ళు సంతకం అడిగారమ్మా. చాప అడగలేదు."

"అడిగాక ఇస్తే దాన్ని కానుకంటారా? పన్ను అంటారు."

శుక్రవారం పొద్దున్న పడవ సువాలో ఆగింది. చాప భుజానేసుకుని, పెద్దలకి కానుకగా పెట్టే యంగోనా మొక్క వేళ్ళ కట్ట చంకన పెట్టుకుని, చర్చికి వేసుకునే జాంబా గౌను నలక్కుండా నడిచి, ఉనైసి ఆఫీసు చేరింది. చేరీ చేరగానే నున్నటి గచ్చు మీద చాప పరిచి, ముందు వేళ్ళ కట్ట పెట్టి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు చరిచి, కానుక అప్పగించే మాటలు మొదలెట్టేసింది. "ఆగ్నెస్ అమ్మగారి ఇంటికీ, ఆ ఇంటి పెద్దలకీ..." ఫారాలు పట్టుకుని వరసలో నిలబడ్డ కుర్రకారు చాపని తొక్కకుండా పక్కకి జరిగారు. లితియానా గోడకేసి తిరిగి నిలబడింది.

లోపల్నుంచి స్కాలర్‌షిప్పుల ఆఫీసరు పరుగెత్తుకొచ్చింది. పేరు సైనిమిలి, నలభై దగ్గర్లో ఉంటుంది, మెడలో ఆఫీసు బిళ్ళ.

"పిన్నీ, ఆగండాగండి! ఇక్కడ కానుకలు తీసుకోకూడదు. లంచం అంటారు. మీ అమ్మాయి స్కాలర్‌షిప్పుకే ఎసరొస్తుంది."

"వచ్చేసింది కదా, ఇంక లంచమేంటి? లంచమైతే ముందిస్తారు." ఉనైసికి నిజంగానే అర్థం కాలేదు. "అయినా ఇది నీకు కాదు తల్లీ. ఆగ్నెస్ అమ్మని పిలువు."

"ఆవిడ పోయి ఇరవై ఆరేళ్ళయింది."

"పోయినావిడ మా పిల్లకి ఎలా ఇస్తుంది?"

సైనిమిలి పక్కనే గచ్చు మీద కూలబడి, ఓపిగ్గా చెప్పింది. "చామదుంప తవ్వుకున్నాక తల కోసి మళ్ళీ నాటుతాం కదా? ఆవిడ వదిలెళ్ళిన డబ్బూ అంతే. దుంప పిల్లలకి, తల మళ్ళీ మట్టిలోకి. ఎన్నేళ్ళైనా అయిపోదు."

"మరి నాటుతున్నదెవరు?"

"అంటే... బ్యాంకు."

"అయితే చాప బ్యాంకుకివ్వనా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఉనైసి పట్టించుకోలేదు. ఆగ్నెస్ అమ్మకి పిల్లలున్నారా అంది. లేరు, పెళ్ళే కాలేదు. పోనీ సమాధి ఎక్కడా అంది. సమాధీ లేదు, బూడిద సముద్రంలో కలపమని రాసిపెట్టింది.

"ఏ వైపు సముద్రంలో?"

సైనిమిలికి తెలియదు.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి గానీ, చాప అప్పటికే పరిచేసి ఉంది. పరిచిన కానుకని చుట్టి ఇంటికి మోసుకెళ్ళడమంటే అవతలి ఇంటివాళ్ళు మిమ్మల్ని వద్దన్నట్టే. సైనిమిలి ఏమీ ఇంగ్లండులో పుట్టలేదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. తీసుకుంటే ఉద్యోగం పోతుంది, వద్దంటే పరువు పోతుంది. చాపకి ఆ పక్కా ఈ పక్కా కూర్చుని ఇద్దరాడవాళ్ళూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. గడియారం ఒంటిగంట దాటింది.

"దీన్ని వెనక్కి పట్టుకెళ్ళమంటే నేను సంతకం పెట్టను," అంది ఉనైసి. కోపంగా కాదు, దిక్కుతోచక.

లితియానా ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా బతుకు తీసుకెళ్ళి నీ చాప మీద పెట్టకమ్మా!"

ఆ మాట ఉనైసికి గుచ్చుకుంది. కూతురి కోసం కాకపోతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? సంతకం పెట్టేస్తే పిల్ల ఏడుపాగుతుంది. కానీ ఆ పిల్ల నాలుగేళ్ళపాటు, ఎవరూ లేని ఇంట్లో ఎవరూ పెట్టని అన్నం తింటున్నట్టుంటుంది. ఏది తప్పో ఏది ఒప్పో ఆమెకి తెలియడం లేదు.

"ఇదివరకు తీసుకున్న పిల్లలు ఏం చేశారమ్మా?" అని అడిగింది.

"ఉత్తరం రాశారు, థ్యాంక్యూ అని."

"ఎవరికి?"

"ఈ ఆఫీసుకే." సైనిమిలి చాప జూలు సర్దింది. "నేనూ రాశాను."

"నువ్వా?"

"ఈ స్కాలర్‌షిప్పుతోనే చదువుకున్నాను పిన్నీ. కొండ మీద ఊళ్ళో రెండేళ్ళు పాఠాలు చెప్పాను. వాన, బురద, ఒక్కదాన్నే. ఇక్కడ కుర్చీ ఖాళీ అయిందంటే దిగొచ్చేశాను. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు."

"అడగడానికి ఎవరున్నారు, సముద్రంలో కలిపేశారుగా." ఉనైసి ఎత్తిపొడవాలని అనలేదు. కానీ సైనిమిలి మొహం పాలిపోయింది. ఉనైసి తనలో తను అనుకుంటున్నట్టే మెల్లగా అంది, "ఆమెకి పిల్లల్లేరన్నావు. ఆమె పెట్టింది తిని పెరిగావన్నావు. మరి నువ్వెవరివి?"

సైనిమిలి లేచి, మెడలోని బిళ్ళ తీసి సొరుగులో పడేసి, భోజనానికి వెళ్తున్నానని పక్కావిడకి చెప్పింది. "పట్టండి," అని చాప ఒక కొస తనే పట్టుకుంది. ఆఫీసు వెనక, కార్లు ఆపే చోట, రెండు కార్ల మధ్య చాప మళ్ళీ పరిచారు. ఉనైసి కానుక మాటలు మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది, ఒక్క మాట వదల్లేదు. సైనిమిలి ఎదురుగా మోకాళ్ళు ముడుచుకుని, ఆగ్నెస్ అమ్మ ఇంటి తరఫున అంటూ చప్పట్లు చరిచి అందుకుంది. అందుకుంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

"దీని మీద కూర్చునే అర్హత నాకు లేదు పిన్నీ."

"చాప మీద కూర్చోడానికి అర్హతేంటి తల్లీ? కాళ్ళు తుడుచుకుంటే చాలు."

మూడింటికి పది నిమిషాలుండగా ఉనైసి సంతకం పెట్టింది. తిరుగు పడవలో చేతులు ఖాళీగా ఉన్నాయి, మనసు మాత్రం తేలికపడలేదు. చాప చేరాల్సిన చోటికి చేరిందో లేదో. ఆగ్నెస్ అమ్మకి ఒక మాట చెబుదామని లేచి, ఏ వైపు తిరిగి చెప్పాలో తెలియక, పడవకి రెండు వైపులకీ వెళ్ళి చెప్పింది.

లితియానా హాస్టల్లో చేరింది. బళ్ళు తెరిచిన నెలకి ఉనైసికి ఒక ఉత్తరం వచ్చింది. కూడబలుక్కుని చదివింది.

"పిన్నీ, ఆ కొండ ఊరి బడికే తిరిగొచ్చాను. మీ చాప ఒకటో తరగతి గదిలో పరిచాను. ఇరవై ఏడుమంది కూర్చుంటున్నారు. కాళ్ళు తుడుచుకోమంటే ఒక్కరూ వినరు. జూలంతా పీకేశారు. మీ దగ్గర ఎర్ర ఉన్ని ఏమైనా ఉందా? — సైనిమిలి."

ఉనైసి రెండుసార్లు చదివింది. కానుకిచ్చినవాళ్ళనే మళ్ళీ అడగడం ఎక్కడి పద్ధతో ఆమెకి అంతుపట్టలేదు. కళ్ళెందుకు తడిశాయో అదీ అంతుపట్టలేదు. పెట్టె తిరగేస్తే చారెడు ఉన్ని దొరికింది. నాలుగంచులకి ఏం సరిపోతుంది? గబగబా పక్కింటికి వెళ్ళి, వాళ్ళ బుట్టలో ఉన్న ఎర్ర ఉన్ని అంతా ఎత్తుకుని, పడవ అందుకోవాలని రేవుకి పరుగెత్తింది.

పక్కింటావిడకి తిరిగి ఏమీ ఇవ్వలేదన్న సంగతి మూడు రోజుల దాకా ఆమెకి గుర్తే రాలేదు.