నీలకంఠ మూల

ఒక మాట చాలా ఏళ్లుగా నా లోపల కూర్చుని ఉంది. అన్నం తింటున్నప్పుడు ఉంది. పెళ్లిళ్లలో నలుగురితో నవ్వుతున్నప్పుడు ఉంది. మనవరాలిని భుజం మీద ఎక్కించుకుని కోట కొండ వైపు చూపిస్తున్నప్పుడూ ఉంది. దాన్ని ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. మీ ముఖం నాకు కనబడదు. కనబడితే ఇంత విడమరిచి చెప్పేవాణ్ణి కాదు. ఒక్కటి ముందే అడుగుతున్నాను. నా మీద జాలి పడకండి. జాలి చూపించేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట.

ఆదోనిలో లేత్ పని నాది. పేరు చెప్పను. ఇనుప కడ్డీని చక్‌లో బిగించి మోటారు వేస్తే కడ్డీ తిరుగుతుంది. కోసే టూల్ తిరగదు. పక్కన నిలబడి కొంచెం కొంచెంగా దాన్ని తినేస్తుంది. లేత్ అంటే ఇంతే. పత్తి మిల్లు షాఫ్టు, ట్రాక్టరు బుష్, బోరు మోటారు కప్లింగ్, అన్నీ ఆ తిరుగుడులోంచే బయటికి వస్తాయి. నాకు ఈ పని నేర్పినవాణ్ణి ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన షెడ్డులో చిన్న లేత్ ఒకటి, పొడుగు షాఫ్టులు తిప్పే పెద్ద లేత్ ఒకటి ఉండేవి. పెద్దదాని మీద పనిచేసేవాడే షెడ్డుకు మొనగాడు. ఉస్తాద్‌కు కళ్లు మసకబారుతున్నాయి. ఆయన తరువాత అది నాదే అనుకున్నాను. ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

అప్పుడు నీలకంఠ వచ్చాడు.

ఎమ్మిగనూరువాడు. ఇంటినిండా మగ్గాలే. వాళ్ల నాయన మాత్రం తరిమెన పట్టేవాడు. అంటే కొయ్యను తిప్పే లేత్. మంచం కోళ్లు, పప్పుగుత్తులు, మగ్గానికి కావలసిన కండెలు చేసేవాడట. కొయ్య పనిలో ఉలిని చేత్తోనే పట్టుకోవాలి, యంత్రం పట్టుకోదు. అందుకని నీలకంఠకు చేతిలోనే ఏదో తెలిసేది. మగ్గాలు తగ్గి కొయ్య పని పడిపోతే ఇనుము నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు. రావడమేంది, నేర్చేసుకోవడమేంది. "వీని చేతికి చెవులుండాయిరా" అన్నాడు ఉస్తాద్, నా ముందరే. నాతో అలాంటి మాట ఆయన ఎప్పుడూ అనలేదు.

వాడంటే నాకు పడలేదు. పనిచేస్తూ కూనిరాగం తీసేవాడు. తన తువ్వాలుతోనే లేత్ తుడిచేవాడు. తెచ్చుకున్న జొన్నరొట్టెలో సగం తుంచి నా ముందు పెట్టేవాడు. నేను మొహం తిప్పుకుంటే నవ్వి, మరుసటి రోజు మళ్లీ పెట్టేవాడు. వాడు చెడ్డవాడై ఉంటే నాకు సులువయ్యేది. ఒక ఉగాది వెళ్లాక పెద్ద లేత్ వాడికి ఇచ్చాడు ఉస్తాద్. ఆ రోజు నుంచి షెడ్డుకు వచ్చినవాళ్లంతా గుమ్మంలోనే "నీలకంఠ ఉండాడా?" అని అడిగేవాళ్లు. నేను ఆ గుమ్మం పక్కనే నిలబడి ఉండేవాణ్ణి.

ఇక చేసింది చెబుతాను. ఆలస్యం చేసే కొద్దీ నాకు నేను సాకులు వెతుక్కుంటాను.

ఊరి చివర పత్తి మిల్లు నుంచి ఒక షాఫ్టు పని వచ్చింది. షాఫ్టు ఒకచోట లావుగా, బేరింగ్ కూర్చునే చోట సన్నగా ఉంటుంది. లావు సన్నమయ్యే చోట మూల పడుతుంది. ఆ మూలను పదునుగా కోయకూడదు, కొంచెం గుండ్రంగా వదలాలి. వదలకపోతే తిరిగే బరువంతా ఆ గీత మీదే పడి, కొన్నాళ్లకు అక్కడే పగులు పుట్టి షాఫ్టు విరుగుతుంది. మా పనిలో మొదట నేర్పేవాటిలో అదొకటి. నీలకంఠ గుండ్రం వదిలాడు. చక్కగా వదిలాడు. వేలితో తడిమి చూసుకోవడం నేను చూశాను.

శుక్రవారం మధ్యాహ్నం. ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. నీలకంఠ నునుపు పట్టే ఎమెరీ కాగితం అయిపోయిందని బజారుకు పోయాడు. షాఫ్టు ఇంకా పెద్ద లేత్ మీదే ఉంది. నేను మొన తేలిన టూల్ ఒకటి బిగించాను. మోటారు వేశాను. ఆ గుండ్రాన్ని తీసేసి మూలను పదునుగా కోశాను. కోసిన చోట మెరుపు కనబడకుండా నూనె, మసి రుద్దాను. ఎంతసేపు పట్టింది? ఒక బీడీ తాగేంత సేపు కూడా పట్టలేదు. వాడు తిరిగొచ్చి మిగతా పొడవంతా నునుపు పట్టాడు, చూసుకున్న మూలే కదా అని దాన్ని మళ్లీ తడమలేదు. సాయంత్రం మిల్లువాళ్లు వచ్చి బేరింగ్ ఎక్కించుకుని తీసుకుపోయారు. బేరింగ్ ఎక్కాక ఆ మూల ఎవరికీ కనబడదు.

షాఫ్టు విరిగి వాపసు వస్తుంది, వాడికి చెడ్డపేరు వస్తుంది, అంతే అనుకున్నాను. ఇన్నేళ్లూ నాకు నేను ఇదే చెప్పుకున్నాను. నిజమా? షాఫ్టు తిరిగే చోట మనుషులు ఉంటారని లేత్ పనివాడికి తెలియదా? తెలుసు. ఆ రోజు ఆ ఎరుకను పక్కకు నెట్టాను. మరిచిపోవడం వేరు, నెట్టడం వేరు.

కొన్నాళ్లు అది బాగానే తిరిగింది. ఆ మిల్లు మీదుగా పోయినప్పుడల్లా సైకిలు ఆపి చప్పుడు వినేవాణ్ణి. విరగాలని వినేవాణ్ణా, విరగకూడదని వినేవాణ్ణా? ఇప్పటికీ చెప్పలేను.

పత్తి బాగా వచ్చే రోజుల్లో విరిగింది. పుల్లీ ఊడి పడింది, బెల్టు పాములా లేచి కొట్టింది. అక్కడ పత్తి వేస్తున్న ఈరమ్మ అనే కూలిమనిషి కుడిచెయ్యి నలిగిపోయింది. హాలహర్వి నుంచి పనికి వచ్చేది. ప్రాణం దక్కింది. వేళ్లు మాత్రం మళ్లీ మడతపడలేదు.

విరిగిన ముక్కను ఉస్తాద్ ముందు పెట్టారు. ఆయన వేలు పెట్టి తడిమాడు. మూల పదునుగా ఉంది. నీలకంఠ వైపు చూశాడు. ఆ చూపు చాలు.

అందరూ వెళ్లాక వాడు షెడ్డు వెనక ఇనుప పొట్టు కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ముక్క చేతిలోనే ఉంది. నన్ను పిలిచాడు.

"అన్నా, నేను గుండ్రం ఇడిసినానన్నా. ఏలుతో తడిమినట్ల గ్యాపకం. నువ్వు పక్కనే ఉండావు కదా, సూసినావా?"

"సూసినానప్పా. నువ్వు ఇడసలేదు. సెప్దామనుకున్నా. పెద్ద లేత్ మీద ఉండేటోనికి మనం సెప్పేదేంది అని ఊరుకున్నా."

"నిజంగానా అన్నా?"

"నీతో అబద్ధం ఆడేదానికి నాకేం పని?"

వాడు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అట్లయితే నా సెయ్యే నన్ను మోసం సేసింది" అన్నాడు.

షాఫ్టును కోయడం ఒక తప్పు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఈ రెండోది. షాఫ్టు మిల్లుది. ఆ చెయ్యి వాడిది. వాడికున్న ఆస్తి అదొక్కటే. నేను దాన్ని వాడికి కాకుండా చేశాను.

వాడు ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. పెద్ద లేత్ నాకు వచ్చింది. అంతటితో ఊరుకున్నానా? లేదు. ఎవరైనా పదునుగా మూల కోస్తే "ఏందప్పా, నీలకంఠ మూల పెట్టినావే" అని నవ్వేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆ మాట ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పాకింది. ఉస్తాద్ పోయాడు, నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను, ఆ మాట మాత్రం పోలేదు. ఈ మధ్య నందవరం నుంచి ఒక రైతు మోటారు షాఫ్టు తెచ్చాడు. దగ్గరున్న ఎమ్మిగనూరు వదిలి ఇంతదూరం ఎందుకని అడిగాను. "ఆడ వద్దులేన్నా, ఆ ఊరోళ్లు నీలకంఠ మూల పెడ్తారంట" అన్నాడు. నీలకంఠ ఎవరో అతనికి తెలియదు. మనిషి పేరని కూడా తెలియదు. నేను షాఫ్టు కింద పెట్టేసి కూర్చుండిపోయాను.

మరుసటి రోజు ఎమ్మిగనూరు వెళ్లాను. వాడు మళ్లీ కొయ్య పనిలోనే ఉన్నాడు, ఒక చిన్న రేకుల కొట్టంలో. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడలేదు. పప్పుగుత్తి ఒకటి తిప్పుతున్నాడు. కాస్త తిప్పడం, ఆపడం, వేలితో తడమడం. మళ్లీ తడమడం. ఆఖరికి లోపల ఉన్న భార్యను పిలిచి "బాగుందా సూడు" అని ఆమె చేతిలో పెట్టాడు. పప్పుగుత్తిని! ఒకప్పుడు అద్దమంత నునుపుగా ఇనుము తిప్పినవాడు.

చెప్పేశాను. నిలబడే చెప్పాను. వాడు మోటారు ఆపాడు. అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఏడాదికొకసారి హాలహర్వికి పోయి ఆయమ్మ కాళ్లకు మొక్కొస్తాండా నేను" అన్నాడు. "నీ తప్పుకు నేను మొక్కినా. నాతో ఏం సెప్తావు? పో, ఆడ సెప్పు. ఇంగ నా కండ్లకు కనపడాకు."

నాకు కోపం వచ్చింది. నిజం. ఇంతదూరం వచ్చి చెప్పినందుకు కూర్చోమనైనా అనలేదే అనుకున్నాను. చూశారా నా బుద్ధి? తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి మర్యాద కోసం చూసుకున్నాను. ఒకటి దాచను. వాడు ఇప్పటికీ నాకు నచ్చడు. నా తప్పుకు కూడా వెళ్లి మొక్కిన మంచితనం అది. దాన్ని నేను భరించలేను.

హాలహర్వికి ఆ కోపంతోనే బస్సెక్కాను. ఈరమ్మ వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో వేరుశనక్కాయలు ఏరుతోంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది. నేను మొదలుపెట్టాను. అప్పట్లో నాది చిన్న వయసని, ఉస్తాద్ పక్షపాతం చూపించాడని, ఇంత అవుతుందని అనుకోలేదని. ఆమె కాయలు ఏరడం ఆపలేదు.

"అవన్నీ నాకు యాల? నువ్వేం సేసినావో అది సెప్పు."

చెప్పాను. అప్పుడు చెయ్యి ఆగింది. లేచి గుమ్మం బయటికి పోయి చుట్టుపక్కల ఇళ్లవాళ్లను పేరుపేరునా పిలిచింది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పొలం నుంచి వస్తున్నవాళ్లు వచ్చి నిలబడ్డారు.

"ఆ ఎమ్మిగనూరాయప్పను ఈ వాకిట్లోనే నోటికొచ్చినట్ల తిట్టినా. ఈళ్లంతా ఇన్నారు" అంది నాతో. "ఇప్పుడు సెప్పు. ఈళ్లంతా ఇనాల."

నీళ్లు అడగాలనిపించింది, అడగలేదు. గట్టిగానే చెప్పాను. "నీలకంఠ షాఫ్టు బాగా సేసినాడు. నేను దాన్ని కోసి సెడగొట్టినా. ఆయప్ప అడిగితే అబద్ధం సెప్పినా. ఈయమ్మ సెయ్యి పోయింది నా వల్ల."

ఎవరో ముసలాయన ఉమ్మేశాడు. ఒకామె నా తల్లిని తిట్టింది. ఈరమ్మ మాత్రం తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. మళ్లీ కూర్చుని శనక్కాయల గంప దగ్గరికి లాక్కుంది. "ఇంగ పో" అంది.

రోడ్డు మీదికి నడిచాను. నా వెనక ఆ వాకిట్లో ఇంకా మాటలు వినబడుతూనే ఉన్నాయి. నా గురించే. వాళ్లు నన్ను ఏమన్నా అననీ. జీవితంలో మొదటిసారి, నేను చేసింది నేను చేసినట్టుగానే నా నోట్లోంచి వచ్చింది, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా. బస్సు కోసం నిలబడ్డాను. ఊపిరి కడుపు దాకా దిగింది.