అట్టకు అంటిన చివరి పేజీ

ఎనభైల్లో, బెంగళూరులో, ఫ్యాక్టరీ బస్సు దిగగానే నేను నేరుగా మా వీధి చివరి అద్దె పుస్తకాల అంగడికి వెళ్ళేవాణ్ణి. పెళ్ళయినవాణ్ణే, అయినా ఒక ముసుగు వీరుడి ఇంగ్లీషు కామిక్స్ అంటే పడి చచ్చేవాణ్ణి. వాటిని మొదట్లో రాసిన రచయిత నాకు ప్రాణం. ఆయన కథల్లో వీరుడు ఎంత పెద్ద పోరాటం గెలిచినా, చివరి పేజీలో ఇంటికొచ్చి, చిరిగిన ముసుగును తానే కుట్టుకునేవాడు. ఆయన రాయడం మానేశాక వచ్చిన రచయితల చేతుల్లో ఆ ముసుగు నలిగేది కూడా కాదు. తిట్టుకుంటూనే ఏళ్ళ తరబడి చదివాను.

చివరికి ఆయన మళ్ళీ రాస్తున్నాడని ఒక సంచికలో ప్రకటించారు. ఆ పుస్తకం కోసం అంగడి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో! ఒక సాయంత్రం దొరికింది. అక్కడే నిలబడి చదివాను. పాత చెయ్యే, పాత ఊపే. దెబ్బలు తిన్న వీరుడు, ముసుగు చీలికలై, ఇంటి తలుపు దగ్గరికి వచ్చాడు. పేజీ తిప్పబోతే రాలేదు.

పుస్తకాలు పాడవకుండా అంగడాయన ప్రతిదానికీ మందపాటి అట్ట వేసి, చివరి కాగితాన్ని దానికి మైదా జిగురుతో అంటించేవాడు. గోరుతో లేపితే కాగితం చిరిగింది.

"ఏందన్నా ఇది? కథ చివర అట్టకు అంటుకోనుండాది!" అని అరిచాను.

"దానికెందుకప్పా అంత కోపం? కడాకు గెలిచేది వాడే కదా!" అన్నాడాయన.

వాడు గెలుస్తాడని నాకూ తెలుసు. ఇంటికెళ్ళి ముసుగు కుట్టుకున్నాడా లేదా, అది చెప్పేదెవడు?