అందరికీ ఒకే గిన్నె

నడికుడి దగ్గరి మా ఊళ్ళో మా నాయనమ్మ చర్చిలో ఎందుకు చేరిందో నాకు చిన్నప్పుడే చెప్పింది. అప్పట్లో టీ హోటల్లో మావాళ్ళకు వేరే గ్లాసు ఉండేదట. దాన్ని చూరులో దోపి ఉంచేవారు. తాగాక మనమే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. చర్చిలో మాత్రం ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకే గిన్నె. "ఆ గిన్నె కోసమే ఎల్లానే," అనేది.

ఆ గిన్నె ఇప్పటికీ ఉంది. ఇత్తడిది, లోపల కళాయి. నెలలో మొదటి ఆదివారం ద్రాక్షరసంతో నిండి, ముందు వరస నుంచి వెనక్కి చేతులు మారుతుంది. ముందురోజు దాన్ని చింతపండుతో తళతళా తోమేది మా పక్కింటి పెద్దమ్మ. ఆడవాళ్ళ వైపు మొదటి చాప ఆమెదే కాబట్టి మొదటి గుక్క కూడా ఆమెదే.

పోయినేడు ఆమెకు కేన్సర్ వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ఒక పక్క దవడ తీసేశారు. మూతి వంకర పోయింది. చొంగ కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూనే ఉంటుంది. కాస్త లేచి తిరిగే ఓపిక రాగానే, ప్రభువు బల్ల ఉన్న మొదటి ఆదివారం చర్చికొచ్చి తన చాప మీద తాను కూర్చుంది.

ఆ రోజు పాస్టరు అయ్యగారి ప్రసంగం ప్రేమ గురించే. పక్కమనిషిని ప్రేమించనివాడు దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటే నమ్మొద్దని గొంతు చించుకున్నారు. మేమూ ఆమెన్లతో పైకప్పు రేకులు అదరగొట్టాం. తర్వాత గిన్నె వచ్చింది. పెద్దమ్మ తాగి పక్కకు అందించింది. ఒకామె దాని అంచుని కొంగుతో అరిగిపోయేలా రుద్దింది. ఇంకొకామెకు అప్పటికప్పుడు జలుబు చేసింది. మరొకామె ముట్టుకోకుండా గడ్డంతోనే సైగ చేసి వెనక్కి పంపమంది. చూస్తుంటే నాకు రోత పుట్టింది.

ఆరాధన కాగానే సంఘపెద్ద భార్య అయ్యగారిని పట్టుకుంది.

"అంటుకుద్దేమో అయ్యగారూ. పిల్లలున్నోళ్ళం."

"అది అంటే జబ్బు కాదమ్మా, డాక్టర్లే చెప్పారు."

"కాకపోతే కాకపోయిందిలే. ఆ చొంగ మీద నోరెట్టి ఎట్టా తాగేది?"

అయ్యగారు కాసేపు బైబిలు అట్ట నిమిరి, ఆమెను చివర్లో కూర్చోమంటే సరిపోతుందన్నారు. ప్రసంగం ముగించి గంట కూడా కాలేదు. ఎవరు చెప్పాలి? పక్కింటిదాన్ని కదా, అందరూ నావైపు చూశారు. ఛీ, వీళ్ళదీ ఒక ప్రేమేనా అని లోపల తిట్టుకుంటూనే వెళ్ళాను. వెళ్ళాను మరి.

పెద్దమ్మ కుళాయి దగ్గర గిన్నె కడుగుతోంది. వచ్చే నెల నుంచి చివర్లో కూర్చోమంటున్నారని చెప్పేశాను. ఆమె మాట ఇప్పుడు ముద్దగా వస్తుంది, కానీ ఆ ముక్క మాత్రం స్పష్టంగానే వినపడింది.

"ఆళ్ళ సంగతి సరేలేమ్మా. నీ పెదాలకు కూడా రసం రంగు అంటలా. నే చూశా."

నిజమే. గిన్నె నోటిదాకా ఎత్తి దించేశాను. ఆమె మంచాన పడ్డన్నాళ్ళూ జావ కాచి తీసుకెళ్ళింది నేనే. అక్కడ మాత్రం ఆ అంచు మీది తడి చూసి పెదాలు మూసేసుకున్నాను. తుడవలేదు, జలుబని అబద్ధమాడలేదు కాబట్టి వాళ్ళకంటే నేను నయమనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి నెల పెద్దమ్మ స్టీలు గ్లాసు కొంగు చాటున పెట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరి చివరి చాప మీద కూర్చుంది. గ్లాసు తెమ్మని ఆమెకెవరూ చెప్పలేదు. గిన్నె అందరి చేతులూ తిరిగింది. ఎవరూ తుడవలేదు, ఎవరికీ జలుబు లేదు. నేను కూడా నిండు గుక్క తాగాను. మిగిలింది అయ్యగారు ఆమె గ్లాసులో వంచారు.

అయిపోయాక ఆమె గ్లాసు కడుక్కుంది. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, చర్చి వరండా చూరులో దోపింది. ఇంకా అక్కడే ఉంది. నా చెయ్యి అందేంత ఎత్తులోనే.