పరంధామయ్య నేర్పిన నడక

పరంధామయ్యకి కోపం వస్తే డిగ్నాబాద్ వీధి వీధంతా వినాల్సిందే. ఆ కోపమైనా ఎవరిమీద? చూపు లేని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి, వేళకింత అన్నం పడేసి, ఎంతో ఉద్ధరించేశామనుకునే పెద్దల మీద. "మనిషనుకున్నార్రా, ఆవకాయ జాడీ అనుకున్నార్రా, మూత పెట్టి మూల పెట్టడానికి?" అని గయ్యిమనేవాడు. చిన్నప్పుడే అమ్మవారు పోసి అతనికీ రెండు కళ్ళూ పోయాయి. అయితేనేం, ఆఫీసు కుర్చీలకి కేన్ అల్లే ఉద్యోగం సంపాదించుకుని, ఒక్కడే బస్సెక్కి ఊరంతా తిరిగే మొనగాడు.

చూపు లేనివాళ్ళ శనివారం సంఘం అతని మొండితనంతో పుట్టిందే. వీధిలోని బడి వదిలాక అందులో ఒక గది వాడుకోవడానికి అడిగి పుచ్చుకున్నారు. మొత్తం తొమ్మిదిమంది. గలగలమని చప్పుడు చేసే బంతితో క్రికెట్, పాటలు, చాయ్, బోలెడన్ని కబుర్లు. అన్నిటికన్నా ముఖ్యం నడక. కర్ర పట్టడం వచ్చాక పరంధామయ్య ఒక పరీక్ష పెట్టేవాడు. శిష్యుణ్ణి అబర్డీన్ బజారు రద్దీలో వదిలేసి తను పక్కకి తప్పుకునేవాడు. "దారి తప్పితే కంగారుపడి పరిగెట్టకండి. ఉన్నచోటే కదలకుండా నిలబడండి. ఎవరో ఒకరు చెయ్యందిస్తారు. పూచీ నాది" అనేవాడు. నిజంగానే అందించేవాళ్ళు. ఎక్కడెక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళ దీవి కదా, బెంగాలీయో, రాంచీవాడో, తమిళావిడో, "కిధర్ జానా హై?" అంటూ ఎవరో ఒకరు వచ్చి తీరేవారు.

ఆ పరీక్షలో అందరికన్నా బాగా నెగ్గింది కాళమ్మ. ముప్పై ఏళ్ళు ఆమెని గడప దాటనివ్వలేదు అన్న బంగారురాజు. పరంధామయ్య వారం వారం వెళ్ళి అతనితో పోట్లాడి బయటికి తెచ్చాడు. రెండేళ్ళు తిరక్కుండా ఆమె చేపల బజారులో బేరమాడే మనిషైంది. 2004 డిసెంబరులో, వేరే దీవిలోని హట్‌బేలో ఉన్న చెల్లెలికి పురుడొచ్చిందని కబురొస్తే, ఒక్కదాన్నే ఓడెక్కి వెళ్తానంది. అన్న వద్దన్నాడు. "వెళ్ళవే తల్లీ, నీకేం తక్కువ!" అని పరంధామయ్యే జెట్టీ దాకా వెళ్ళి ఎక్కించాడు. ఆ రోజు అతని ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ నెల ఇరవయ్యారున, ఆదివారం పొద్దుటే భూమి ఊగిపోయింది. వెనకాలే నీళ్ళొచ్చాయి. కాళమ్మ సంగతి మూడు వారాలకి గాని తెలియలేదు. బంగారురాజే గది గుమ్మంలోకి వచ్చి చెప్పాడు.

"చిన్నదాన్నీ బిడ్డనీ మొగుడు కొండమీదికి లాక్కెళ్ళి బతికించినాడు, భయ్యా. కాళమ్మ అప్పటికే పాలకోసం బజారుకెళ్ళిపోనాదంట. నీళ్ళొస్తన్నాయని జనం పరిగెట్టినారు. చంకలో ఇద్దరు పిల్లల్నెత్తుకుని పోతన్న దుకాణపాయన, 'భాగో దీదీ, భాగో' అని పరిగెట్టమని అరిసినాడంట. ఇది ఓ తంబం పట్టుకుని కదల్లేదు. 'దారి తెలీకపోతే నిలబడమన్నారు మా గురువుగారు, ఎవరో వస్తారు' అన్నాదంట." ఆఖర్న, "మీరు సెప్పినట్టే సేసింది, భయ్యా" అన్నాడు.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. చెల్లెలు బుద్ధిగా నడుచుకుందని చెప్పుకుంటున్నట్టుంది. పరంధామయ్యని నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ తరవాత సంఘం పేరుకి మిగిలింది. చాలామందిని ఇంట్లోవాళ్ళు పంపడం మానేశారు. మిగిలిన నలుగురి మధ్యా పరంధామయ్య కేన్ అల్లుకుంటూ కూర్చునేవాడు. నడక ఊసెత్తితే "తరవాత చూద్దాం" అనేవాడు. లోపల మాత్రం ఒకటే రంపపుకోత. మరేం చెప్పాల్సింది? పరిగెట్టమనా? కొండెటో సముద్రమెటో తెలియని ఊళ్ళో ఎటు పరిగెడుతుంది? పోనీ, ఎవరో వస్తారన్న మాట అనకుండా ఉండాల్సిందా? ఆ ధైర్యం చెప్పకపోతే ఒక్కరైనా గడప దాటుతారా?

2006 వానల్లో గణేశ్వరరావు మాస్టారు తన కూతురు వాసవిని తీసుకొచ్చాడు. పందొమ్మిదేళ్ళ పిల్ల. జబ్బుచేసి చూపు పోయి ఏడాదైంది. ఈ సంఘం కోసమే ఆయన రంగత్ నుంచి ఈ ఊరికి బదిలీ చేయించుకుని డెలానీపూర్‌లో దిగాడు. కూతురికి కొత్త కర్ర కూడా కొన్నాడు.

"సర్, ఏడాదిగా ఒకటే గది. పిచ్చెక్కిపోతోంది. నాకు నడవడం నేర్పండి, బస్, అంతే" అంది వాసవి.

పరంధామయ్య అల్లుతున్న కేన్ పక్కన పెట్టి లేచాడు. ఆమె మణికట్టు సరిచేసి, కర్ర ఎలా ఆడించాలో చూపించాడు. ఇద్దరూ మెట్లు దిగి రోడ్డు అంచుకి వచ్చారు. వాన తుంపర మొహాన పడుతుంటే ఆ పిల్ల పకపకా నవ్వింది. గది లోపలివాళ్ళు కూడా నవ్వారు. ఎన్నాళ్ళకి!

"సర్, నేనొక్కదాన్నే ఉన్నప్పుడు దారి తప్పితే ఏం చెయ్యాలి?"

నేర్చుకునేవాళ్ళంతా అడిగేదే. పరంధామయ్య నోరు తెరిచాడు. ఉన్నచోటే నిలబడమని కాళమ్మకి చెప్పిన జవాబే నాలుక చివరిదాకా వచ్చింది. వెనకే వచ్చిన మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ, పిల్లని ఇంటికి తీసుకుపొండి" అన్నాడు.

"అలాగేనండీ. మళ్ళీ శనివారం తీసుకురమ్మంటారా?"

"వద్దు. ఇంట్లోనే ఉంచుకోండి. బయటికి పంపకండి."

మాస్టారు ఏదో అనబోయాడు. పరంధామయ్య వినిపించుకోకుండా వాసవి చేతిలోని కర్ర పట్టుకున్నాడు. ఆ పిల్ల వదల్లేదు. అతను గట్టిగా లాక్కోవాల్సి వచ్చింది.