జారుతోందా అని అడిగితే

మా మేనత్త యాభై దాటాక కారు నడపడం నేర్చుకుంది. ఎవరైనా "ఈ వయసులో నీకెందుకమ్మా" అంటే "ఊరేగడానికి" అని నోరు మూయించేది. అసలు కారణం నాకు తెలుసు, మావారికి తెలుసు. నా మొదటి కడుపప్పుడు ఆరో నెలలోనే నొప్పులొచ్చాయి. అంబులెన్సుకి ఫోన్ చేసి గుమ్మంలో నిలబడ్డాం. "వస్తోంది, వస్తోంది" అన్నారు. తీరా అది వచ్చి నన్ను ఎక్కించుకున్నాక, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్న అత్త ఆసుపత్రి దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నా మొహం చూడలేదు. చూసే ధైర్యం లేకపోయిందని తర్వాత తనే చెప్పింది. బిడ్డ దక్కలేదు. కాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమని డాక్టరమ్మ అన్న మాట అత్త మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఏడాది తిరక్కముందే పాత కారొకటి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టింది. పళ్ళ డాక్టరు ఒకాయన వాడి వాడి విసుగెత్తి అమ్మేసిన ఆటోమేటిక్ బండి. క్లచ్చు తొక్కుతూ గేరు వెయ్యమంటే అత్త కాళ్ళు ఒకదానితో ఒకటి పేచీ పడతాయి, అందుకని అదే కావాలని వెతికి మరీ కొంది. "డిలో పెడితే ముందుకి, ఆర్‌లో పెడితే వెనక్కి. మనిషికి ఇంతకంటే ఏం కావాలే?" అనేది. నన్ను చిన్నప్పటి నుంచి పెంచింది తనే కాబట్టి, ఇంట్లో తను అన్నదే చట్టం.

ఆ చట్టాల్లో ఒకటి మరీ విచిత్రమైనది. ఆసుపత్రిలో ఆయా ఒకావిడ నా మంచం పక్కనే నిలబడి, "పాపం, గర్భం జారిపోయిందంట" అని ఎవరితోనో అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట మీద నిషేధం పడింది. సబ్బు చేతిలోంచి 'దూకింది' అనాలి. బాత్రూం గచ్చు 'మంచిది కాదు' అనాలి. మావారి ప్యాంటు నడుం దగ్గర 'దిగొస్తోంది'. అత్త పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. ఫ్రేముకు సరిపడేలా అద్దం అంచులు అరగదీస్తుంది. అక్కడ కూడా అద్దం పట్టు తప్పితే 'పక్కకెళ్ళింది' అంటుంది తప్ప ఆ మాట మాత్రం నోట రానివ్వదు. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత నాకే తెలియకుండా అలవాటైపోయింది.

మళ్ళీ నెల తప్పాను. మావారు గూడ్సు రైలు నడుపుతారు. ఏ వేళకు ఏ స్టేషన్లో పడుంటారో ఆయనకే తెలీదు. "నొప్పులు రాగానే నేనే తీసుకెళ్తాను. ఎవర్నీ దేబిరించేది లేదు," అని అత్త ప్రకటించింది. ఆ కారు పుట్టిందే ఆ ఒక్క ప్రయాణం కోసం అన్నట్టు రోజూ తుడిచేది.

సరిగ్గా అప్పుడే దానికి జబ్బు చేసింది. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరితే ఇంజను గొంతు చించుకునేది గానీ బండి కదిలేది కాదు. వెనకాల హారన్ల మోత. ఇక లాభం లేదనుకునేసరికి ఒక్క కుదుపు కుదిపి ముందుకు దూకేది. నా చెయ్యి పొట్ట మీదికి పోయేది.

మెకానిక్కు దగ్గరికెళ్ళాం. ఏం చెప్పినా "చూద్దాం" అంటాడని మేమతనికి చూద్దాంగారని పేరు పెట్టుకున్నాం. అత్త చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుంటూ, "అమ్మగారూ, జారుతోందా?" అని అడిగాడు.

అత్త నా పొట్ట వైపు చూసింది. మొహం పాలిపోయింది.

"ఛఛ, అలాంటిదేం లేదు నాయనా. కాస్త వెనకాడుతుంది, అంతే."

"ఖాయంగా? ఇంజను అరుస్తూ, బండి కదలకుండా..."

"అలాంటిదేం లేదని చెప్పానుగా!"

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట వినగానే నాకూ గుండె ఝల్లుమంది. కారు విషయంలో దానికి వేరే అర్థముంటుందన్న ఆలోచనే రాలేదు. చూద్దాంగారు ప్లగ్గులు విప్పి శుభ్రం చేశాడు, గాలి ఫిల్టరు మార్చాడు, ఇంకా ఇబ్బంది పెడితే చూద్దామన్నాడు.

ఇబ్బంది పెడుతూనే ఉంది. మా ఆసుపత్రి గుట్ట మీద ఉంటుంది. దానికి నిటారుగా ఎక్కే దారి ఒకటి, రైల్వే గేటు మీదుగా గుట్ట వెనక నుంచి చుట్టూ తిరిగి మెల్లగా పోయే దారి ఇంకొకటి. అత్త చడీచప్పుడు లేకుండా చుట్టుదారి పట్టింది. కారెక్కగానే రేడియో కట్టేసేది. మెడ ముందుకు చాచి ఇంజను చప్పుడు వినేది. "మా తల్లివి కదూ," అని స్టీరింగును బతిమాలేది. భయపడుతోందని తెలిసి నాకు ఇంకా భయం వేసేది, ఆ భయమే కోపంగా బయటికొచ్చేది.

"ఎదురుగా ఆసుపత్రి కనిపిస్తుంటే ఊరంతా తిప్పుతావేంటత్తా?"

"ఇటు గాలి బావుంటుంది."

"రైలు గేటు దగ్గర గాలేంటి నీ మొహం!"

ఇలాగే నెలలు నిండవచ్చాయి. ఒక పరీక్ష రోజున నేను మొండికేసి గుట్ట దారినే పోనిమ్మన్నాను. సగం ఎక్కాక ఇంజను పెద్దగా అరిచింది. ఏదో మాడిన వాసన. బండి ఆగి, మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. అత్త బ్రేకు మీద నిలబడినంత పని చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎడం చెయ్యి నా పొట్టకు అడ్డంగా పెట్టింది.

"వెనకాడుతోంది..." అంది.

బ్రేకు వదిలీ వదలకుండా గుట్ట దిగి, చల్లబడేదాకా ఆగి, ఈడ్చుకుంటూ మెకానిక్కు షెడ్డుకు చేరాం. చూద్దాంగారు ఇంజను ఆపనివ్వకుండానే గేర్‌బాక్స్ నూనె చూసే పుల్ల లాగి, తెల్లగుడ్డ మీద తుడిచాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె కషాయంలా ఉంది, కమురు కంపు.

"అమ్మగారూ, ఆ రోజే అడిగాను కదండీ! జారుతోందా అని."

అత్త నేల చూపులు చూస్తోంది. ఇక నావల్ల కాలేదు.

"జారుతోంది," అన్నాను. "బయల్దేరేటప్పుడు జారుతోంది. ఎక్కేటప్పుడు జారుతోంది. మొదటి నుంచీ జారుతూనే ఉంది."

నేను చెంప మీద కొట్టినట్టు చూసింది అత్త. చూద్దాంగారికి మా ఇంటి చట్టం తెలియదు కాబట్టి తలూపి విషయం చెప్పాడు. గేర్‌బాక్సులో ప్లేట్లుంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బండి కదులుతుంది. పట్టు పోతే ఇంజను తిరుగుతుంది గానీ చక్రం తిరగదు. ఆ రోజే తెలిసుంటే నూనె మార్చి కొన్నాళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళం, ఇప్పుడు పెట్టె మొత్తం దించాలి, సామాను బయట నుంచి రావాలి.

"మా దుకాణంలో అద్దం మీద పట్టు వదిలితే అరగదీసే మోటారు ఊరికే కూసినట్టు," అంది అత్త నెమ్మదిగా.

"అదేనమ్మా. ముందుకు లాగేవి అరిగిపోయాయి. వెనక్కి లాగే ప్లేట్లు వేరే ఉంటాయి, వాటికేం కాలేదు. సామాను వచ్చేదాకా ఇంట్లో పెట్టుకోండి, బయటికి తియ్యకండి."

ఇంటికొచ్చాక అత్త అన్నం ముట్టలేదు. "నా నోరు కట్టేసుకుని బండి పాడుచేశాను," అని ఒకటే గొణుగుడు. నేను ఓదార్చలేదు. నాకూ ఒళ్ళు మండుతోంది.

సామాను రాకముందే నొప్పులొచ్చాయి. పట్టపగలు, మావారు ఎక్కడో దారిలో ఉన్నారు. అత్త అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఫోన్లోంచి ఆ గొంతు నాక్కూడా వినిపించింది. "వస్తోందమ్మా."

అత్త ఫోన్ పెట్టేసి తాళం చెవి తీసుకుంది.

నన్ను వెనక సీట్లో ఒరగబెట్టి బయల్దేరింది. సమంగా ఉన్న రోడ్డు మీద కారు మూలుగుతూ నడిచింది. చుట్టుదారిలో రైలు గేటు పడింది. గూడ్సు, తోక కనిపించడం లేదు. "మీ ఆయనదేనేమో, సమయానికి అడ్డం పెట్టాడు!" అని అత్త పళ్ళు కొరికి, కారు తిప్పి గుట్ట కిందికి తెచ్చింది. డిలో ఎక్కించబోతే ఇంజను గోల పెట్టింది, బండి ఊగింది, అంతే. నాకు ఏడుపొచ్చింది. "మళ్ళీ అంతే అవుతుందత్తా," అన్నాను.

"నోర్ముయ్," అంది. స్టీరింగు గిరగిరా తిప్పి, కారు వెనక భాగం గుట్ట వైపు పెట్టింది. ఆర్‌లో వేసింది. పక్క సీటు మీద చెయ్యి వేసి, నడుం నుంచి పూర్తిగా వెనక్కి తిరిగింది.

కారు ఎక్కింది. కుదుపు లేదు, అరుపు లేదు, ఎద్దులా పట్టుగా ఎక్కింది. స్కూటరతను ఎవరో "ఇటు కాదమ్మా, అటు!" అని అరుస్తూ తప్పుకున్నాడు. నేను అదేం పట్టించుకోలేదు. అత్త మొహం నా ఎదురుగా ఉంది. దవడ బిగించి, కళ్ళు తుడుచుకునే వీల్లేక నీళ్ళతోనే చూస్తూ, గుట్ట పొడుగునా ఆ మొహం నా వైపే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా నేను దాన్నే పట్టుకుని ఉన్నాను.

"తల పక్కకి పెట్టవే, రోడ్డు కనపడట్లేదు!" అంది.

గేటు దగ్గర వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, ఇది లోపలికొచ్చే గేటు!"

"లోపలికే వస్తున్నా. కళ్ళద్దాలు కావాలంటే మా దుకాణానికి రా!"

ఆడపిల్ల. సాయంత్రం మావారు వచ్చేసరికి అత్త మెడ పట్టేసి ఒక పక్కకే చూడగలుగుతోంది. నర్సు తుడిచి ఇచ్చిన పిల్లని తనే అందుకుంది. నా దగ్గరికి తెచ్చి వంగింది.

"రెండు చేతులూ పెట్టవే, జారిపోతుంది."

మావారు చటుక్కున తలెత్తి నా వైపు చూశారు. నేనూ ఆయన వైపు చూశాను. అత్త ఇదేమీ గమనించలేదు. వంకర మెడతోనే, పిల్ల తల కింద నా చెయ్యి సరిగ్గా ఉందో లేదో సర్దుతోంది.