అరగంట నీళ్ళు

సీసాలు కడిగే హాలులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. అందరికీ ఆమె అరగంటమ్మ. కొత్తగా చేరినవాళ్ళు, ఈవిడ రోజూ పనికి అరగంట ఆలస్యంగా వస్తుంది కాబోలు అనుకుంటారు. అదేం కాదు. సీసాలు కడిగే కాస్టిక్ సోడా ఎవరి ఒంటి మీద ఒక్క చుక్క పడినా వాళ్ళని రెక్క పట్టుకుని లాక్కెళ్ళి, నీళ్ళ గొట్టం కింద కూలేసి, అరగంట దాకా వదలదు. చిటికెన వేలి మీద ఏదో పడిందని నోరు జారి, భోజనం గంటలో సగం గొట్టం దగ్గర గడిపినవాళ్ళు అక్కడ డజను మంది దాకా ఉన్నారు. వాళ్ళెవరూ ఆమెకు దండం పెట్టలేదు. ఎదురుగా నవ్వారు, చాటుకెళ్ళి తిట్టుకున్నారు.

ఆ హాలుకు వచ్చే కూల్‌డ్రింకు సీసాలు ఊరంతా తిరిగొస్తాయి. ఒకదాంట్లో సిగరెట్టు పీకలుంటాయి, ఒకదాంట్లో చచ్చిన బొద్దింక ఉంటుంది, మరోదాంట్లో ఏముందో చూడకపోవడమే మంచిది. అవన్నీ వేడి కాస్టిక్ నీళ్ళలో మునిగి లేస్తే తళతళలాడుతూ బయటికొస్తాయి. ఆ నీళ్ళు కలపడం ఆమె పని. తొట్టిలో ముందు చన్నీళ్ళు పట్టాలి. ఆ తర్వాతే కాస్టిక్, అదీ ప్లాస్టిక్ మగ్గుతో కొంచెం కొంచెంగా, కలుపుతూ వెయ్యాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోసినా, వేడినీళ్ళలో కాస్టిక్ గుమ్మరించినా అది ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తుంది. ఒకసారి ఎవరో మహానుభావుడు క్యాంటీను నుంచి అల్యూమినియం గరిటె తెచ్చి కలిపాడు. బుసబుసా పొంగి, గరిటె సగానికి సగం మాయమైంది. గరిటె పోయిందని క్యాంటీనువాడు ఏడ్చాడు గానీ, కలిపినవాడి చెయ్యి మిగిలినందుకు ఎవరూ సంతోషించలేదు.

చూడ్డానికి కాస్టిక్ సబ్బు చెక్కిన పలుకుల్లా తెల్లగా, అమాయకంగా ఉంటుంది. తడి చేత్తో ముట్టుకుంటే జారుతుంది. "సబ్బులాగే ఉందే!" అంటారు కొత్తవాళ్ళు. "సబ్బు కాదు నాయనా, నీ తోలే సబ్బవుతోంది" అంటుంది ఆమె. జోకు వేసిందనుకుని నవ్వుతారు. యాసిడ్ పడితే మనిషి వెంటనే కేకేస్తాడు. కాస్టిక్‌కు ఆ మర్యాద కూడా లేదు. కాసేపు ఊరుకుంటుంది. నీళ్ళు పోస్తే మంట తగ్గినట్టే ఉంటుంది. పైన తగ్గుతుంది గానీ లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే అరగంట. ఈ నాలుగు ముక్కలూ చెప్పీ చెప్పీ ఆమెకు నోరు పడిపోయింది. రబ్బరు తొడుగుల్లో వేళ్ళు నాని ముడతలు పడ్డాయి, మోకాళ్ళు లేస్తే కూర్చోవు, కూర్చుంటే లేవవు. పొద్దున్నే వచ్చి ముందుగా గొట్టం విప్పి నీళ్ళు ధారగా వస్తున్నాయో లేదో చూసుకుంటుంది. "అరగంటమ్మ అభిషేకం మొదలెట్టింది" అని లేబుళ్ళు గీకే ఆడవాళ్ళు నవ్వుతారు. ఒకప్పుడు తిరిగి ఓ మాట అనేది. ఇప్పుడు అనడానికి కూడా ఓపిక లేదు.

ఆ రోజు యంత్రం పొద్దున్నే మొరాయించింది. బాగుచేసేసరికి పదయింది. గేటు దగ్గర రెండు లారీలు నిలబడ్డాయి, సూపర్‌వైజరు నిప్పు తొక్కిన కోతిలా తిరుగుతున్నాడు. తొట్టిలో పాత నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి, వాటిలో కాస్టిక్ బలం తగ్గింది. చల్లారనిచ్చి, చన్నీళ్ళు కలిపి, అప్పుడు వేద్దామంది ఆమె.

"ఎంతసేపు?"

"గంట పడుతుంది బాబూ."

"గంటా! ఆలస్యం అమృతం విషం అన్నారు, వినలేదా?"

"ఇందులో అమృతం ఎక్కడుంది బాబూ? ఉన్నదంతా విషమేగా."

అతనికి ఒళ్ళు మండింది. ఆమె చన్నీళ్ళ పంపు తిప్పడానికి అటు తిరగ్గానే, విప్పి ఉన్న బస్తా ఎత్తి సగం తొట్టిలోకి ఒంపేశాడు. కంట్లో కాస్టిక్ పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు అతనికీ ఉన్నాయి. నెత్తి మీద ఉన్నాయి. ఆ హాలులో మగవాళ్ళందరూ వాటిని అక్కడే పెట్టుకుంటారు, నెత్తికేదో చత్వారం వచ్చినట్టు.

తొట్టి బుస్సుమంది. అతను మొహం పట్టుకుని వెనక్కి పడ్డాడు.

ఆమె మోకాళ్ళు ఆ క్షణానికి ఎలా పనిచేశాయో ఆమెకే తెలియదు. కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్ళి గొట్టం కింద వెల్లకిలా పడేసింది. తన చేతి తొడుగులు ఊడబీకి, నీళ్ళు వదిలి, భుజం మీద మోకాలు వేసి, రెండు వేళ్ళతో కనురెప్పలు విడదీసింది. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్ళీ కుడి కన్ను. "చొక్కా కత్తిరించండే! టైము చూడండి!" అని అరిచింది. లేబుళ్ళు గీకే ముసలావిడ గడియారం ముందు నిలబడింది. ఎవడో తెలివైనవాడు, కాస్టిక్‌కు పులుపు విరుగుడని, నిమ్మకాయ కోసుకొచ్చాడు. ఆమె మోచేత్తో ఒక్కటి పొడిస్తే అది దొర్లుకుంటూ పోయింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "కారు రెడీగా ఉంది. లేపు, లేపు! ఆసుపత్రి!"

"కారులో నీళ్ళున్నాయా అయ్యా?"

"ఏంటీ?"

"నీళ్ళు లేకపోతే కారే ఆగాలి. అరగంట కానివ్వండి."

"నీకేమైనా మతి పోయిందా? కళ్ళు పోతే నీదే పూచీ! రేపట్నుంచి గేటు కూడా దాటనివ్వను."

అది ఉత్తమాట కాదని ఆమెకు తెలుసు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. చేతులు ఒక్క క్షణం వదులయ్యాయి. మళ్ళీ బిగిశాయి.

"ఎంతయింది?"

"అయిదు నిమిషాలు" అంది ముసలావిడ.

సరిగ్గా అప్పుడే కింద ఉన్నవాడు, "చాల్లే అమ్మా, మంట తగ్గింది, వదులు" అన్నాడు.

పదకొండేళ్ళ కిందట ఇదే హాలులో, ఇదే మాట ఆమె మొగుడు అన్నాడు. అప్పుడు కాస్టిక్ కలిపేది ఆయనే, ఆమె పక్క వరసలో సీసాలు సర్దేది. మూత సరిగా బిగించని పైపు తన్ని, కాస్టిక్ ఆయన మొహం మీదికి చిమ్మింది. ఆమె గొట్టం పట్టుకుంది. అయిదు నిమిషాలకు ఆయన, "చాల్లే, తగ్గిపోయింది" అన్నాడు. ఆమె కుళాయి కట్టేసింది. ఆసుపత్రికి చేరేలోపు లోపల జరగాల్సింది జరిగిపోయింది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పగలూ రాత్రీ తేడా తెలిసేంత మిగిలింది. ఇంకో ఇరవై అయిదు నిమిషాలు కడిగి ఉంటేనా, అని డాక్టరు ఆగిపోయాడు. చుట్టాలు తలరాత అన్నారు. కుళాయి ఎవరు కట్టేశారని ఎవరూ అడగలేదు. ఆయన కూడా అడగలేదు. ఒక్కసారి తిట్టినా, కొట్టినా ఆమె ప్రాణం కుదుటపడేది. ఆ మంచితనాన్నే ఆమె పదకొండేళ్ళుగా మోస్తోంది, దాన్ని మించిన బరువు లేదు.

"వదలవే!" సూపర్‌వైజరు తన్నుకున్నాడు, తిట్టాడు. ఆమె తల్లినీ, తాతనీ ఎవర్నీ మిగల్చలేదు.

"తిట్టు బాబూ, తిట్టు. కళ్ళు మాత్రం మూయకు."

మేనేజరు ఆమె భుజం పట్టుకుని లాగబోయాడు. లేబుళ్ళు గీకే ఆడవాళ్ళు, రోజూ నవ్వేవాళ్ళే, ఎందుకో మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. పది నిమిషాలయింది, ఇరవై అయింది. ఆమె వేళ్ళు కొంకర్లు పోయాయి, చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను ముసలిదాన్నయ్యాను, ఇంక నావల్ల కాదు అని మనసులో వందసార్లు అనుకుంది. అరగంట అయిందని ముసలావిడ చెప్పాక కూడా నమ్మక ఇంకో అయిదు నిమిషాలు పట్టుకుంది. కారెక్కించేటప్పుడు, "దారి పొడుగునా పోస్తూ ఉండండి" అని నీళ్ళ బిందె కూడా ఎక్కించింది.

సాయంత్రానికి కబురు వచ్చింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి గానీ చూపు నిలిచింది. నీళ్ళు వదలకుండా పట్టింది ఎవరని డాక్టరు అడిగాడట. మేనేజరు ఆమెను పిలిచాడు. పై అధికారి మాట ధిక్కరించినందుకు సంజాయిషీ రాసిమ్మన్నాడు, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది. చదవలేదు. చదివే ఓపిక ఉంటే కదా.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా గోడకు చేరగిలబడింది. మంచం మీద ఆయన రేడియో కట్టేశాడు. "ఏమే, ఒంట్లో బాగాలేదా?"

జరిగిందంతా చెప్పింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదని కూడా చెప్పింది.

"ఎంతసేపు పట్టుకున్నావ్?"

"అరగంట. పైన ఇంకో అయిదు నిమిషాలు."

"చాల్లే అనలేదా వాడు?"

"అన్నాడు. నాలుగైదుసార్లు అన్నాడు."

"అయినా వదల్లేదు."

"వదల్లేదయ్యా."

ఆయన మొహం ఆమె గొంతు వినిపించిన వైపు తిప్పాడు. తర్వాత, చల్లగా, కోపం లేకుండా అడిగాడు. "మరి నన్నెందుకు వదిలేశావే?"

వస్తుందనుకుని, రాదనుకుని, ఆమె పదకొండేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న అది. తీరా వచ్చాక చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "నువ్వు చాలన్నావు" అంది చివరికి. "నీ మాట విన్నాను."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె గబుక్కున లేవబోయింది. కాదు, నవ్వుతున్నాడు.

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు. ఆ ఒక్క మాటే దొరికిందటే నీకు, వినడానికి?"

ఆమె కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే విరిగి ఏడుపై బయటికొచ్చింది. ఆయన మంచం దిగి, గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.